గూఢచర్యం, ప్రేరణ, శిక్ష: మిత్రదేశానికి రహస్యం చేరవేస్తే నేరం చిన్నదవుతుందా?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• నేర న్యాయంలో ‘సంకల్పం’, ‘ప్రేరణ’ అనే రెండు భావనల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• 1923 నాటి అధికార రహస్యాల చట్టం మిత్రదేశాన్ని, శత్రుదేశాన్ని ఎలా చూస్తుందో చెప్పగలుగుతారు.
• శిక్షను నిర్ణయించే దశలో ప్రేరణకు ఎంత విలువ ఇవ్వాలో ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

2019 డిసెంబరు 20న ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఒక ప్రకటన చేశారు. ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేశామన్నది దాని సారాంశం. ఈ దర్యాప్తుకు విశాఖపట్నంలోని కొండ పేరు మీద ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ అని పేరు పెట్టారు. నౌకలు ఉన్నది విశాఖలోనైనా, కేసు మొదట నమోదైంది విజయవాడలో, రాష్ట్ర ఇంటెలిజెన్స్ శాఖకు చెందిన కౌంటర్ ఇంటెలిజెన్స్ పోలీస్ స్టేషన్‌లో. తరువాత కేసు జాతీయ దర్యాప్తు సంస్థకు వెళ్లింది. 2020 జూన్‌లో ఆ సంస్థ 14 మందిపై విజయవాడ ప్రత్యేక కోర్టులో అభియోగపత్రం దాఖలు చేసింది. సామాజిక మాధ్యమాల్లో ఆడవారి పేర్లతో పరిచయం పెంచుకొని, ఆ పైన డబ్బు ఎరవేసి, నౌకల కదలికల సమాచారాన్ని పాకిస్తాన్‌కు రాబట్టారన్నది ఆరోపణ. ఎవరు దోషులో తేల్చడం కోర్టుల పని. ఈ పాఠంలో మనకు కావలసింది ఆ ఆరోపణల స్వరూపం మాత్రమే.

ఆ ప్రకటన వెలువడిన తరువాతి ఆదివారం నేను విజయవాడలో కాంటాక్టు తరగతి తీసుకొంటున్నాను. పాఠం వేరే అయినా మాట ఈ కేసు మీదికి మళ్లింది. వెనుక వరుసలోని ఒక విద్యార్థిని లేచి ఇలా అడిగింది: “సార్, పాకిస్తాన్‌కు ఇచ్చారు కాబట్టి ఇంత గొడవ. అదే మనతో స్నేహంగా ఉండే దేశానికి, పైసా తీసుకోకుండా, మంచి చేద్దామని ఇస్తే? దానికీ ఇదే శిక్షా?”

తరగతి రెండుగా చీలిపోయింది. నేను గడియారం చూసుకొని, “చట్టానికి ప్రేరణతో పనిలేదమ్మా” అని ఒక్క మాటలో తేల్చేశాను. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే అది సగం జవాబే అనిపించింది. మిగతా సగాన్ని ఈ పాఠంలో మీ ముందు పెడుతున్నాను.

2. చేసిన పని, సంకల్పం, ప్రేరణ

ముందుగా మూడు మాటలను విడదీసుకొందాం. దీనికి డెల్టాలో అందరికీ తెలిసిన ఒక ఉదాహరణ చాలు.

విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడి నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పు డెల్టాకు నీరు తీసుకుపోతాయి. నీరు తక్కువైన ఏడు వంతులు పెడతారు. ఇప్పుడు ఒక లస్కరు రాత్రివేళ, వంతు కాని కాలువకు తూము ఎత్తాడనుకోండి. అతడు అలా ఎందుకు చేసి ఉంటాడు?

ఒకటి, ఎవరో డబ్బు ఇచ్చి ఉండవచ్చు. రెండు, ఎత్తకపోతే నీ సంగతి చూస్తామని బెదిరించి ఉండవచ్చు. మూడు, అది వియ్యాలవారి ఊరి కాలువ అయి, అక్కడ నారు ఎండిపోవడం చూసి మనసు కరిగి ఉండవచ్చు.

ఈ మూడింటిలోనూ ‘చేసిన పని’ ఒక్కటే: తూము ఎత్తడం. ‘సంకల్పం’ కూడా ఒక్కటే: తన వంతు కాదని తెలిసీ నీరు వదలాలనుకోవడం. నిద్రమత్తులో ఒక తూముకు బదులు ఇంకొకటి ఎత్తితే సంకల్పం లేదు, అది పొరపాటు. మారింది మూడో అంశం, అంటే ‘ప్రేరణ’. దీన్నే న్యాయవాదులు మోటివ్ అంటారు. సంకల్పం ‘ఏమి చేయాలనుకొన్నాడు’ అన్న ప్రశ్నకు జవాబు. ప్రేరణ ‘ఎందుకు చేయాలనుకొన్నాడు’ అన్న ప్రశ్నకు జవాబు.

ఇంకో సంగతి గమనించండి. ప్రేరణ ఏదైనా, మర్నాడు శివారు భూముల రైతుకు నీరు అందదు. అతని పొలం ఎండడానికి లస్కరు మంచితనంతో సంబంధం లేదు. అలాగని లంచం తిన్న లస్కరును, జాలిపడ్డ లస్కరును మన మనసు ఒకే తూకం వేయదు కూడా. ఈ పాఠం అంతా ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న పేచీయే.

3. చట్టం ఏమంటుంది?

మన దేశంలో గూఢచర్యానికి ప్రధానమైన చట్టం 1923 నాటి అధికార రహస్యాల చట్టం. భారతీయ శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినా, ఈ చట్టం అలాగే కొనసాగుతున్నది.

ఇందులో 3వ సెక్షను గూఢచర్యానికి సంబంధించినది. ‘రాజ్య భద్రతకు లేదా ప్రయోజనాలకు హాని కలిగించే ప్రయోజనంతో’ నిషిద్ధ ప్రదేశంలోకి వెళ్లడం, శత్రువుకు ఉపయోగపడగల పటాలు గీయడం, రహస్య సమాచారాన్ని సేకరించడం, చేరవేయడం ఈ సెక్షను కింద నేరాలు. రక్షణ స్థావరాలు, సైనిక, నౌకా, వైమానిక వ్యవహారాలకు సంబంధించినవైతే శిక్ష 14 సంవత్సరాల వరకు ఉండవచ్చు. మిగతా సందర్భాల్లో 3 సంవత్సరాల వరకు. ‘వరకు’ అన్న మాటను గుర్తుంచుకోండి. ఈ సెక్షను గరిష్ఠ శిక్షను చెప్పింది, కనిష్ఠ శిక్షను చెప్పలేదు. ఈ వెసులుబాటుతో మనకు తరువాత పని ఉంది.

‘శత్రువు’ అన్న మాట ఉంది కదా, మిత్రదేశానికి ఇస్తే ఈ సెక్షను వర్తించదేమో అని మీకు అనిపించవచ్చు. రెండు కారణాల వల్ల ఆ దారి మూసుకుపోయింది. మొదటిది, 1913లోనే పారట్ కేసులో ఇంగ్లండు న్యాయస్థానం ‘శత్రువు’ అంటే యుద్ధంలో ఉన్న దేశమే కానక్కరలేదని, ముందు ముందు శత్రువు కాగల దేశం కూడా అని అర్థం చెప్పింది. రెండవది, 1967 సవరణతో మన చట్టంలో ‘దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు’ దెబ్బతినే సమాచారాన్ని కూడా 3వ సెక్షను పరిధిలోకి తెచ్చారు. 4వ సెక్షను ‘విదేశీ ఏజెంటు’ గురించి మాట్లాడినప్పుడు అతడు ఏ దేశపు ఏజెంటు అని అడగదు. అధికార రహస్యాన్ని అనధికారికంగా చేరవేయడాన్ని శిక్షించే 5వ సెక్షను ‘ఏ విదేశీ శక్తికైనా’ మేలు చేయడాన్ని నిషేధిస్తుంది.

మిత్రదేశపు కోణం ఉన్న ఒక పాత కేసు చూడండి. స్టేట్ వర్సెస్ కెప్టెన్ జగ్జిత్ సింగ్ అన్నది న్యాయశాస్త్ర విద్యార్థులకు బెయిలు పాఠంలో పరిచయమయ్యే తీర్పు. నిందితుడు సైన్యంలో పనిచేసి బయటికి వచ్చిన కెప్టెన్. 1960 డిసెంబరులో అరెస్టయ్యేనాటికి ఒక ఫ్రెంచి కంపెనీకి మన దేశంలో ఉన్న ప్రతినిధి కార్యాలయంలో ఉద్యోగి. ఫ్రాన్స్ మనకు శత్రువు కాదు. అయినా 3, 5 సెక్షన్ల కింద విచారణ సాగింది. హైకోర్టు ఇచ్చిన బెయిలును సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఆరోపణల తీవ్రత, దేశ భద్రత అన్నవి ఆ తీర్పులో తూగిన అంశాలు.

ఇక ప్రేరణ సంగతి. ‘హాని కలిగించే ప్రయోజనం’ అని చట్టం అన్నప్పుడు, నిందితుడి మనసులోని మంచి ఆశయాన్ని లెక్కలోకి తీసుకోవాలా? మన చట్టానికి మూలమైన బ్రిటిష్ చట్టం కింద ఇదే ప్రశ్న చాండ్లర్ కేసులో వచ్చింది. 1961 డిసెంబరులో అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమకారులు వెదర్స్‌ఫీల్డ్ వైమానిక స్థావరంలోకి వెళ్లి విమానాలు ఎగరకుండా అడ్డుకోవాలని పథకం వేశారు. వారు గూఢచారులు కారు. అణుయుద్ధం నుంచి దేశాన్ని కాపాడాలన్నదే తమ ఆశయమని వాదించారు. 1962లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వాదనను ఒప్పుకోలేదు. విమానాలను ఆపడం వారి తక్షణ ప్రయోజనం. దేశాన్ని కాపాడడం దాని వెనుక ఉన్న ప్రేరణ. నేరం జరిగిందా లేదా అని తేల్చడానికి మొదటిది చాలు అన్నది తీర్పు సారాంశం.

కాబట్టి నేర నిర్ధారణ దశలో నా ఆదివారపు జవాబు సరైనదే. ప్రేరణ మంచిదైనంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు. ప్రేరణ అక్కడ సాక్ష్యంగా మాత్రం పనికివస్తుంది. సాక్ష్య చట్టం 8వ సెక్షను స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 6వ సెక్షను ప్రకారం ప్రేరణ ఒక సంబద్ధ విషయం. అయితే రుజువుకు తోడుపడేది వేరు, నేరంలో అంతర్భాగమైనది వేరు.

4. ‘మిత్రదేశం’ అనే మాటలోని చిక్కు

ఇప్పుడు విద్యార్థిని ప్రశ్నలోని రెండో భాగానికి వద్దాం. గ్రహీత మిత్రుడైతే హాని తక్కువ కదా?

అమెరికా సుప్రీంకోర్టు 1941 జనవరిలో గోరిన్ కేసులో దీనికి జవాబు చెప్పింది. అమెరికాలోని జపాన్ కార్యకలాపాల గురించి నౌకాదళ నిఘా విభాగం సేకరించిన నివేదికల సారాన్ని ఆ విభాగం ఉద్యోగి ఒకరు సోవియట్ ఏజెంటుకు అందించారు. అక్కడి చట్టం ‘అమెరికాకు హాని’ లేదా ‘విదేశానికి లాభం’ అని రెండు మాటలు వాడింది. రెండో మాట ఉండడానికి కారణం మిత్రుడు, శత్రువు అన్న భేదం చూపకపోవడమేనని, విదేశీ ప్రభుత్వాల హోదా మారిపోవచ్చునని కోర్టు వివరించింది.

ఆ మాట ఎంత త్వరగా నిజమైందో చూడండి. అదే సంవత్సరం ముగిసేలోగా అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే పక్షాన యుద్ధంలో ఉన్నాయి. మరో నాలుగైదేళ్లకు మళ్లీ ప్రత్యర్థులయ్యాయి. ఈ మార్పుకు అతి పెద్ద మూల్యం రోసెన్‌బర్గ్ దంపతుల కేసులో కనిపిస్తుంది. అణుబాంబు సమాచారం చేరవేశారని వారిపై వచ్చిన ఆరోపణలు ప్రధానంగా 1944, 1945 నాటివి. అప్పుడు సోవియట్ యూనియన్ అమెరికాకు మిత్రపక్షం. శిక్ష పడినది 1951లో. అప్పటికి అది శత్రుపక్షం, కొరియాలో యుద్ధం నడుస్తున్నది. 1953 జూన్ 19న ఇద్దరికీ మరణశిక్ష అమలైంది. పని జరిగినప్పటి స్నేహం శిక్ష పడేనాటికి వారిని కాపాడలేదు.

మన దేశంలో 1985 జనవరిలో బయటపడిన కుమార్ నారాయణ్ కేసును చూడండి. ప్రధానమంత్రి కార్యాలయం సహా ఢిల్లీలోని కీలక కార్యాలయాల నుంచి పత్రాలు బయటికి వెళ్లాయి. అవి చేరినట్టు చెప్పిన దేశాల్లో ఫ్రాన్స్, పోలండ్, తూర్పు జర్మనీ, సోవియట్ యూనియన్ ఉన్నాయి. వీటిలో మనకు శత్రువు అనదగిన దేశం ఒక్కటీ లేదు. సోవియట్ యూనియన్‌తో అప్పటికి 13 ఏళ్లకు పైగా మైత్రీ ఒప్పందం ఉంది. అయినా ప్రధాని ముఖ్య కార్యదర్శి పి.సి. అలెగ్జాండర్ నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. విచారణ ఏళ్ల తరబడి సాగి, 2002లో పలువురు మాజీ ఉద్యోగులకు జైలు శిక్షలు పడ్డాయి.

మిత్రదేశానికి ఇచ్చినా హాని ఎందుకు కలుగుతుంది? మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

(అ) రహస్యం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరాక, దాని తాళం చెవి మన చేతిలో ఉండదు. మిత్రుడి ఇంట్లో మూడో దేశపు వేగు ఉండవచ్చు.

(ఆ) సమాచారం ప్రభుత్వానికి ఒక బేరపు వస్తువు. ఏది, ఎప్పుడు, దేనికి బదులుగా ఇవ్వాలన్నది ప్రభుత్వం నిర్ణయించుకోవాలి. ఉద్యోగి ముందే ఇచ్చేస్తే ఆ బేరం పోతుంది.

(ఇ) స్నేహం ఎవరితో, ఎంతవరకు అన్నది ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వం తీసుకొనే నిర్ణయం. ఒక గుమాస్తా, ఒక నావికుడు తనంతట తానే ఆ నిర్ణయం తీసుకొంటే, అతడు సమాచారంతో పాటు అధికారాన్ని కూడా దొంగిలించినట్టే. వియ్యాలవారికి నీరు ఇవ్వాలా వద్దా అన్నది లస్కరు ఒక్కడి మాట కాదు.

మూడో కారణమే నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది. మొదటి రెండు హానులు ఒక్కోసారి జరగకపోవచ్చు. మూడోది ప్రతిసారీ జరుగుతుంది.

5. శిక్షా నిర్ణయంలో ప్రేరణ స్థానం

నేరం రుజువయ్యాక శిక్ష ఎంత అన్నది వేరే దశ. సెషన్స్ విచారణలో దోషిగా తేలిన వ్యక్తి మాటను శిక్ష విషయమై విడిగా వినాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 258వ సెక్షను చెబుతున్నది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 235(2). ప్రేరణకు తలుపు తెరుచుకొనేది ఇక్కడే. మూడవ సెక్షనులోని ‘వరకు’ అన్న మాటకు పని పడేదీ ఇక్కడే.

ప్రేరణను లెక్కలోకి తీసుకోవాలనేవారి వాదన ఇది: శిక్ష దోషి నైతిక బాధ్యతకు తగినట్టు ఉండాలి. డబ్బు కోసం దేశాన్ని అమ్మినవాడు, ప్రాణాలు కాపాడుదామని మాట జారినవాడు ఒక్కటి కారు. ఇద్దరికీ ఒకే శిక్ష వేస్తే శిక్షకు ఉన్న నైతిక బలం తగ్గుతుంది.

వద్దనేవారి వాదన ఇది: డబ్బుకు పనిచేసేవాడు డబ్బు ఆగితే ఆగుతాడు, జైలంటే భయపడతాడు. నమ్మకంతో పనిచేసేవాడు దేనికీ ఆగడు, పశ్చాత్తాపపడడు. సమాజ రక్షణ దృష్టితో చూస్తే రెండోవాడే ఎక్కువ ప్రమాదకారి. పైగా పట్టుబడ్డ ప్రతివాడూ ‘ప్రేమతో చేశాను’ అంటాడు.

ఈ రెండు వాదనలను మూడు కేసుల మీద పరీక్షిద్దాం. మూడూ అమెరికావే, మూడింటిలోనూ సమాచారం చేరింది మిత్రదేశాలకే.

మొదటిది జోనాథన్ పొలార్డ్ కేసు. అమెరికా నౌకాదళ నిఘా విశ్లేషకుడైన ఇతడు ఇజ్రాయెల్‌కు పెద్ద ఎత్తున రహస్య పత్రాలు అందించాడు. 1985 నవంబరు 21న అరెస్టయ్యాడు. ఇజ్రాయెల్ భద్రత కోసమే చేశానన్నాడు. కాని నెలకు మొదట 1,500 డాలర్లు, తరువాత 2,500 డాలర్లు తీసుకొన్నాడు. నేరం ఒప్పుకొన్నా 1987 మార్చిలో జీవిత ఖైదు పడింది. 30 ఏళ్ల తరువాత 2015 నవంబరులో పెరోల్‌పై విడుదలయ్యాడు.

రెండవది బెన్-అమీ కాడిష్ కేసు. అమెరికా సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన ఇతడు కూడా ఇజ్రాయెల్‌కే, దాదాపు అదే కాలంలో పత్రాలు ఇచ్చాడు. ఇద్దరి నుంచీ పత్రాలు తీసుకొన్న ఇజ్రాయెల్ అధికారి కూడా ఒక్కరే. 2008లో పట్టుబడేనాటికి వయసు 80 దాటింది. డబ్బు తీసుకోలేదు. 2009లో 50,000 డాలర్ల జరిమానా పడింది, జైలు పడలేదు.

మూడవది రాబర్ట్ కిమ్ కేసు. దక్షిణ కొరియాలో పుట్టి అమెరికా పౌరుడైన ఇతడు కూడా నౌకాదళ నిఘా విశ్లేషకుడే. తన జన్మభూమికి రక్షణ సమాచారం అందించినందుకు 1996లో అరెస్టయ్యాడు. అతడికి 9 సంవత్సరాల శిక్ష పడింది.

ఇప్పుడు పోల్చండి. ‘ఆ దేశం మీద ప్రేమ’ అన్నది ముగ్గురిలోనూ ఉంది. అయినా ఒకరికి జీవిత ఖైదు, ఒకరికి తొమ్మిదేళ్లు, ఒకరికి జరిమానా. అంటే శిక్షల్లోని తేడాకు ప్రేమ కారణం కాదు. ఇచ్చిన పత్రాల పరిమాణం, కలిగిన హాని, మోపిన అభియోగం, తీసుకొన్న డబ్బు, వయసు, గడిచిన కాలం వంటివి కారణమై ఉంటాయి. జీవిత ఖైదుకు, జరిమానాకు మధ్య ఉన్న ఈ అంతరం న్యాయమా అని మీరు ప్రశ్నించవచ్చు, ప్రశ్నించాలి కూడా. అయితే ఆ ప్రశ్న ప్రేరణ గురించినది కాదు, సమానత్వం గురించినది.

నా అభిప్రాయాన్ని ఇలా కుదించి చెబుతాను. ప్రేరణలన్నిటినీ ఒకే గాటన కట్టరాదు.

బెదిరింపుకు, వలపు వలకు చిక్కినవాడి స్వేచ్ఛ కొంత తగ్గి ఉంటుంది. ఎంత తగ్గిందో అంత మేరకు శిక్ష తగ్గవచ్చు. వెంటనే పై అధికారికి చెప్పుకొని ఉంటే ఇంకా తగ్గవచ్చు. డబ్బాశ శిక్షను పెంచే అంశం. ఇక మిత్రదేశం మీది అభిమానం తనంతట తానుగా శిక్షను తగ్గించరాదు. ఎందుకంటే మనం శిక్షిస్తున్నది ఆ అభిమానాన్ని కాదు, ఆ అభిమానం పేరుతో ప్రభుత్వ నిర్ణయాన్ని సొంతం చేసుకోవడాన్ని. అయితే ఆ అభిమానంతో పాటు వచ్చే కొన్ని అంశాలు, అంటే లాభం ఆశించకపోవడం, ఇచ్చిన సమాచారం పరిమితం కావడం, తప్పు ఒప్పుకోవడం, జరిగిన హాని తక్కువ కావడం, శిక్షను తగ్గించవచ్చు. అవి ఇతరులు పరిశీలించి తేల్చగలిగినవి. ఒకరి గుండెలోని ప్రేమను ఏ కోర్టూ తూచలేదు.

6. ప్రేరణ రుజువుకు బదులు కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. శిక్ష తగ్గించడానికి ప్రేరణను వెదకడంలో ప్రమాదం తక్కువ. నేరాన్ని అంటగట్టడానికి వెదకడంలో ప్రమాదం ఎక్కువ. మన చట్టంలోని 3వ సెక్షను రెండో ఉపవిభాగం ప్రకారం, పరిస్థితులు, ప్రవర్తన, రుజువైన స్వభావం ఆధారంగా కూడా ‘హానికరమైన ప్రయోజనం’ ఉందని కోర్టు భావించవచ్చు. 14వ సెక్షను కింద విచారణను ప్రజలకు మూసివేయవచ్చు. ఇంత బలమైన చట్టం చేతిలో ఉన్నప్పుడు, నమ్మశక్యంగా అల్లిన కథ సాక్ష్యం స్థానంలో కూర్చొనే అవకాశం ఉంది.

ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు జరిగింది ఇదే. మనకు పొరుగున ఉన్న చిన్న దేశం మాల్దీవులకు చెందిన ఇద్దరు స్త్రీల ద్వారా రాకెట్ రహస్యాలు అమ్మారన్న ఆరోపణపై 1994 నవంబరు 30న కేరళ పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. ఆడవారు, డబ్బు, విదేశం: ప్రేరణకు కావలసిన హంగులన్నీ కథలో ఉన్నాయి. లేనిదల్లా నేరమే. 1996లో సీబీఐ ఆరోపణలు నిరాధారమని తేల్చింది. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఆ తీర్పు రావడానికి దాదాపు 24 ఏళ్లు పట్టింది.

ఇంకో అనుభవం మనవారిదే. 2022 ఆగస్టులో ఖతర్‌లో ఎనిమిది మంది భారత నౌకాదళ మాజీ సభ్యులను నిర్బంధించారు. వారిలో ఒకరు విశాఖపట్నానికి చెందినవారు. ఖతర్ మనకు మిత్రదేశం. వారిపై మోపిన అభియోగాలను ఆ దేశం బహిరంగపరచలేదు. 2023 అక్టోబరులో మరణశిక్ష విధించారు. డిసెంబరులో దాన్ని జైలుశిక్షగా మార్చారు. 2024 ఫిబ్రవరిలో విడుదల చేశారు. విడుదలకు దారితీసింది రెండు ప్రభుత్వాల మధ్య నడిచిన మాటలు. దేశాల మధ్య స్నేహం నిందితుడికి ఉపయోగపడితే అది దౌత్యం ద్వారా, క్షమాభిక్ష ద్వారా ఉపయోగపడుతుంది. అది న్యాయమూర్తి చేతిలోని తూకపురాయి కాదు.

7. ఆ ప్రశ్న వెనుక ఉన్న ప్రశ్న

ఆ ఆదివారం తరగతి అయ్యాక ఆ విద్యార్థిని మెట్ల దగ్గర ఆగింది. “మా తమ్ముడు అమెరికాలో ఉన్నాడు సార్. అక్కడి సిటిజన్‌షిప్ తీసుకొన్నాడు. వాడి కంపెనీలో చూసింది ఏదైనా మన దేశానికి పనికొస్తుందని చెబితే, అదీ తప్పేనా?” అని అడిగింది. ఆమె అసలు అడగదలచుకొన్నది ఇది. గుడివాడ, ఉయ్యూరు, చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్లలో అమెరికాలో పిల్లలు ఉన్న ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి. ఈ ప్రశ్న వారందరిదీ.

జవాబు కఠినంగానే ఉంటుంది. అమెరికా పౌరసత్వం తీసుకొనేవారు ఇతర దేశాల పట్ల విధేయతను వదులుకొంటున్నానని ప్రమాణం చేస్తారు. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. రక్షణ రహస్యాలే కానక్కరలేదు. విదేశీ ప్రభుత్వానికి మేలు చేసేందుకు కంపెనీ వ్యాపార రహస్యాన్ని ఇవ్వడం కూడా 1996 నాటి అమెరికా ఆర్థిక గూఢచర్య చట్టం కింద నేరం. రాబర్ట్ కిమ్ తన జన్మభూమికే సహాయం చేశాడు. అది అతడిని జైలు నుంచి తప్పించలేదు.

దీన్ని తిరగవేసి కూడా చూడండి. మన నౌకాదళంలోని ఒక ఉద్యోగి, తాను ప్రేమించే ఇంకో దేశానికి మేలు చేద్దామని మన నౌకల వివరాలు ఇస్తే మనం ఒప్పుకొంటామా? మనం ఒప్పుకోనిదాన్ని ఎదుటి దేశం ఒప్పుకోవాలని కోరలేం. జన్మభూమి మీద ప్రేమ చూపడానికి చట్టబద్ధమైన దారులు చాలానే ఉన్నాయి. బడి కట్టించవచ్చు, పరిశోధనలో చేతులు కలపవచ్చు, పెట్టుబడి పెట్టవచ్చు. ఇంకొకరు నమ్మి అప్పగించిన రహస్యాన్ని తీసి ఇవ్వడం ఆ దారుల్లో లేదు.

8. సారాంశం

గూఢచర్యంలో చేసిన పని, సంకల్పం, ప్రేరణ వేర్వేరు. నేర నిర్ధారణకు మొదటి రెండు కావాలి. ప్రేరణ సాక్ష్యంగా మాత్రమే పనికివస్తుంది. అధికార రహస్యాల చట్టం మిత్రదేశానికి మినహాయింపు ఇవ్వలేదు, ఎందుకంటే దేశాల మధ్య స్నేహం మారుతుంది, పైగా ఆ స్నేహాన్ని నిర్ణయించే హక్కు వ్యక్తిది కాదు. శిక్షా నిర్ణయంలో ప్రేరణకు చోటు ఉంది. బలవంతం శిక్షను తగ్గించవచ్చు, లోభం పెంచవచ్చు. మిత్రదేశం మీది అభిమానం మాత్రం ఒంటరిగా ఏదీ మార్చరాదు; దానితో పాటు రుజువయ్యే పరిస్థితులే తూకం వేయదగినవి. ప్రేరణ గురించిన కథ ఎన్నడూ రుజువుకు బదులు కారాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సంకల్పానికి, ప్రేరణకు మధ్య తేడాను మీ ఊరి నుంచి ఒక ఉదాహరణతో పది పంక్తుల్లో రాయండి.
2. అధికార రహస్యాల చట్టం 3వ సెక్షనుకు 1967 సవరణ తెచ్చిన మార్పు ఏమిటి?
3. పొలార్డ్, కాడిష్, కిమ్ కేసులను పోల్చి, శిక్షల్లోని తేడాకు మీరు భావించే కారణాలను వివరించండి.
4. ‘మిత్రదేశం మీది అభిమానం శిక్షను తగ్గించరాదు’ అన్న రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? ఏకీభవించకపోతే మీ వాదనను అంతే బలంగా రాయండి. ఈ ప్రశ్నకు ఒకే సరైన జవాబు లేదు. కారణాలు చెప్పని జవాబు మాత్రం సరైనది కాదు.